టైరును కాలితో తన్ని గాలి చూసేది ఇంక మానుకుందామప్పా



ఈ పొద్దు కొంచెం పెద్ద పోస్టే రాస్తాండా. తీరికగా ఉన్నప్పుడు చదవండి, లేదంటే రాత్రి కరెంటు కోసం మోటరు కాడ కూర్చున్నప్పుడైనా చదవండి. విషయం మాత్రం చిన్నదే. టైరులో గాలి. "గాలికి ఇంత రాయాల్నా" అనుకుంటారు. రెండేండ్ల కింద వరకూ నేనూ అట్లే అనుకొన్నా.

నిన్న పొద్దున విడపనకల్లు బస్టాండు కాడ ఒక ట్రాక్టరు ఆగింది. ట్రాలీ నిండా మూటలు. డ్రైవరు పిల్లోడు దిగి, ట్రాలీ ఎడమ టైరును కాలితో ఒక తన్ను తన్నినాడు. దబ్ మనింది. "ఉందిలే" అనుకొని ఎక్కి పోయినాడు. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఏంటికంటే ఇరవై ఏండ్లు నేను చూసినది కూడా ఆ తన్నుతోనే. 60 పాయింట్లు ఉన్న ట్రాలీ టైరును తన్నినా దబ్ మంటాది, 35 ఉన్న టైరును తన్నినా దబ్ మంటాది. మన కాలికి ఆ తేడా తెలీదు. కంటికి కూడా లోడు వేసినాక గానీ తెలీదు, అప్పటికి మూటలు ఎక్కి ఉంటాయి, ఇంక ఎవరు దించుతారు?

నా సంగతి చెప్తా. దాచుకొనేది ఏమీ లేదు, ఊర్లో అందరికీ తెలిసిందే.

రెండేండ్ల కింద, మిరప కోతలు ముమ్మరంగా ఉన్న దినాలు. ఆ పొద్దు తెల్లారే మా డ్రైవరు ట్రాలీ కట్టుకొని గుంతకల్లు పోయి ఎరువు మూటలు వేసుకొచ్చినాడు. మా ట్రాలీ రెండు చక్రాలది. ఎడమపక్క టైరు మెత్తగా ఉందని నాకు నాలుగు దినాలుగా తెలుసు. వాల్వు కాడ సన్నగా గాలి పోతాంది. పంచరు షాపు దారిలోనే ఉంది, ఆపితే పది నిమిషాల పని. "కోతలు అయిపోనీలే" అనుకొన్నా. మధ్యాహ్నం ఎరువు దించి అదే ట్రాలీని మిరప చేనికి పంపినా. సాయంత్రం పండుకాయ మూటలు నింపినారు. కూలోళ్ళు వచ్చే ఆటో ఆ పొద్దు తిరిగి రాలేదు. ఆడోళ్ళు ఆరుమంది. చీకటి పడతాంది, నడిచి ఎట్ల పోతారని మూటల మీద ఎక్కి కూర్చోమని చెప్పింది నేనే.

కాలువ గట్టు దిగి ఊరి దారికి తిరిగే మలుపులో టైరు పేలింది. తుపాకి పేలినట్ల సద్దు. ట్రాలీ ఎడమకు ఒరిగింది, మూటలు జారినాయి, మూటలతో పాటు మనుషులు. మెల్లగా పోతాండ్రి కాబట్టి, కింద పడినది కూడా మిరప మూటల మీదనే కాబట్టి ఐదుమంది గీరుకుపోయిన దెబ్బలతో లేచినారు. ఆరో ఆమె మా వీధి అక్క. చిన్నప్పుడు నన్ను చంకలో వేసుకొని తిప్పినామె. కుడి చెయ్యి కింద పెట్టి పడింది. మణికట్టు విరిగింది. బళ్ళారి తీసుకపోయినాం, ప్లేటు వేసినారు. ఎముక అతికింది గానీ పిడికిలి పూర్తిగా మూసుకోదు. మిరప కోత అంటే ఏంది, వేళ్ళతో తొడిమ పట్టి తుంచేదే గదా. ఆ పని ఇంక ఆమెకు చేతకాదు. ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టుకొన్నా, మూడు నెలల కూలి ఇచ్చినా. ఇచ్చినానని చెప్పుకొనేది ఏముంది. ఆ చెయ్యి ఇచ్చినానా?

మరుసటి దినం టైరు ఊడదీసి పంచరు షాపుకు తీసుకపోయినా. ఆయప్ప టైరును వంచి లోపలికి చెయ్యి పెట్టి పిడికెడు నల్లపొడి తీసి నా అరచేతిలో పోసినాడు. బొగ్గుపొడి మాదిరి మెత్తగా ఉంది. "ఇదేంది తెలుసునా అన్నా? నీ టైరే. లోపలి రబ్బరు అరిగి పొడైంది" అన్నాడు. పక్కగోడ లోపల చుట్టూ గీత గీసినట్ల ఒక వరస, ఆ వరసలో నైలాన్ పోగులు తెగి బయటికి వచ్చినాయి. బయట నుంచి చూస్తే ఏమీ లేదు, గుండీలు ఇంకా సగానికి పైన ఉన్నాయి. "ఇది నిన్న సాయంత్రం చచ్చింది కాదు, నాలుగు దినాల నుంచి చస్తాంది" అన్నాడు.

ఊర్లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పినారు. ఎండకు పేలిందన్నారు. రోడ్డు గుంతలకు పేలిందన్నారు. కంపెనీ టైరు బాగలేదన్నారు. ఆమె ఖర్మ అన్నోళ్ళు కూడా ఉన్నారు. నన్ను ఓదార్చడానికే అన్నారు, నాకు తెలుసు. కానీ నేను ఒప్పుకోను. ఎండ అందరికీ ఒకటే, గుంతలు అందరికీ ఒకటే. ఆ టైరును చంపింది తక్కువ గాలి. గాలి తక్కువ ఉందని తెలిసీ లోడు వేయించింది నేను. ఖర్మ అనే మాట వేరేవాళ్ళ చెయ్యి విరిగినప్పుడు మనకు బాగా తొందరగా వస్తాది.

ఇంక అసలు సంగతి. బరువు మోసేది టైరు కాదప్పా, అందులో ఉండే గాలి. టైరు అనేది గాలిని పట్టుకొనే సంచి అంతే. లెక్క చాలా సులువు. ట్రాలీ, సరుకు కలిపి నాలుగు టన్నులు అనుకోండి. కొంత ట్రాక్టరు హుక్కు మీద పడతాది, మిగిలినది ఒక్కో టైరు మీద దగ్గర దగ్గర 1800 కిలోలు. 60 పాయింట్ల గాలి ఉంటే టైరు అర చదరపు అడుగు కంటే తక్కువ చోటులోనే నేలను తాకి ఆ బరువు మోస్తాది. అదే 30 పాయింట్లే ఉంటే, అదే బరువును మోయాలంటే దాదాపు చదరపు అడుగు నేల మీద పరుచుకోవాల. అట్ల పరుచుకోవాలంటే పక్కగోడలు మడత పడాల. ప్రతి చుట్టుకూ ఒక మడత. 9.00-16 ట్రాలీ టైరు కిలోమీటరుకు సుమారు 350 చుట్లు తిరుగుతాది. గుంతకల్లు నుంచి మా ఊరికి ముప్పై కిలోమీటర్లు వేసుకొన్నా పదివేల మడతలు. బైండింగు వైరును అటూ ఇటూ పదిసార్లు వంచి చూడండి, వంచిన చోట చురుక్కుమని కాలి తెగిపోతాది. టైరులో జరిగేది అదే. అందుకే ఆ నల్లపొడి. పొద్దున ఎరువు లోడుతో లోపల కాలి తెగింది, సాయంత్రం ఆడోళ్ళు కూర్చున్నప్పుడు పేలింది. ఎప్పుడు పేలాలనేది ఒక్కటే మిగిలి ఉండింది.

ఇప్పుడు మన ఊర్లలో అందరూ నమ్మే ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దండి. "ఎండాకాలం గాలి తక్కువ పెట్టాల, లేకుంటే ఎండకు గాలి ఉబ్బి పేలిపోతాది." మా నాయన చెప్పినాడు, నేను మా డ్రైవరుకు చెప్పినా. ఇది తప్పు. తప్పే కాదు, దీనికి పూర్తిగా తిరుగుడు.

వేడికి గాలి ఉబ్బే మాట నిజమే. తెల్లారి చల్లగా ఉన్నప్పుడు 60 పెట్టిన ట్రాలీ టైరు, మధ్యాహ్నం లోడుతో పరిగెత్తి వస్తే 70 చూపించొచ్చు. కానీ కంపెనీవాళ్ళు ఆ పెరిగేది లెక్కలో పెట్టుకొనే చల్లని టైరుకు ఎంత ఉండాలో రాస్తారు. టైరు మీద, బుక్కులో ఉండే అంకె చల్లని టైరుది. ఎండలో నిలబెట్టి, వేడి మీద చూసి, "అయ్యో 70 ఉందే" అని పది తీసేస్తే ఏమవుతాది? సాయంత్రం చల్లబడినాక 60 ఉండాల్సింది 50 దగ్గర దగ్గరే ఉంటాది. మరుసటి దినం ఆ 50తోనే లోడు. మడత ఎక్కువ, వేడి ఎక్కువ. అంటే ఎండకు భయపడి గాలి తీసి, లోపల నుంచి ఇంకా ఎక్కువ వేడి పుట్టిస్తాండాం. మన అనంతపురం ఎండకు మార్చి నుంచే తారు రోడ్డు కాలతాది. బయట వేడి మన చేతిలో లేదు. లోపలి వేడి మాత్రం మన చేతిలోనే ఉంది.

2024 అక్టోబరులో శింగనమల మండలం నాయనపల్లి క్రాసు కాడ కారు టైరు పేలి, లారీని గుద్దుకొని ఆరుమంది పోయినారు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటాది. ఆ నెలలో పెద్ద ఎండలేమీ ఉండవు. టైరు పేలేది ఎండాకాలం సంగతి మాత్రమే అనుకొనేవాళ్ళకు చెప్తాండా.

చూసేది ఎప్పుడంటే పొద్దున, బండి కదలకముందు. అంతే. మూడు గంటలన్నా నిలిచి ఉండాల, నీడలో ఉండాల.

ఇంక ట్రాక్టరు టైర్ల కథ ట్రాలీకి పూర్తిగా వేరు. ట్రాలీకి తక్కువ గాలి ఎట్ల శత్రువో, చేన్లో ట్రాక్టరు వెనక టైర్లకు ఎక్కువ గాలి అట్ల శత్రువు. మనం ఈ రెండింటినీ తలకిందులు చేసుకొని కూర్చున్నాం. ట్రాలీలో తక్కువ, ట్రాక్టరులో రాయి మాదిరి ఎక్కువ.

మన కాడ ఉండే 40, 45, 50 హెచ్‌పి బండ్లకు వెనక టైర్లు 13.6-28 గానీ 14.9-28 గానీ ఉంటాయి. చేని పనికి చాలా బుక్కుల్లో రాసి ఉండేది 12 నుంచి 14 పాయింట్ల అటూ ఇటూ. ట్రాలీ లాగడానికి రోడ్డు మీదికి వస్తే దానికంటే నాలుగైదు పాయింట్లు ఎక్కువ. ముందు చిన్న టైర్లకు దీనికి రెండింతలు. మీ బండి బుక్కులో ఏముందో అదే మీకు లెక్క, నేను రాసింది కాదు. బుక్కు ఎక్కడుందో వెదకండి. నాది బీరువాలో పెండ్లి పత్రికల కింద దొరికింది, కవరు కూడా చింపలేదు.

మొన్న మా స్నేహితుని ట్రాక్టరుకు గేజీ పెట్టి చూస్తే వెనక 26 ఉంది. "గట్టిగా ఉంటే నూనె తక్కువ తాగుతాది" అన్నాడు. తారు రోడ్డు మీద ఆ మాటలో కొంత నిజం ఉండొచ్చు. మన నల్లరేగడిలో కాదు. వెనక ఒక్కో టైరు మీద 800 కిలోల బరువు ఉందనుకోండి. 12 పాయింట్లకు ఆ టైరు ఒక చదరపు అడుగు నేలను పట్టుకుంటాది. 24 పెడితే అందులో సగమే. పట్టు సగమైనప్పుడు గుంటక దించగానే చక్రం ఉన్నచోటే తిరుగుతాది. నల్లమన్ను తవ్వుకొని కిందికి దిగుతాది. పొగ వస్తాది, డీజిల్ పోతాది, దున్నకం మాత్రం ముందుకు పోదు.

నమ్మకపోతే మీరే చూసుకోండి, ఖర్చు లేదు. వెనక టైరు మీద సుద్దతో ఒక గీత గీయండి. చేన్లో గుంటక దించి, బండిని నడిపిస్తా గీత పదిసార్లు తిరిగేంత దూరం పోయి అక్కడ ఒక కట్టె గుచ్చండి. మళ్ళా మొదటికి వచ్చి, గుంటక ఎత్తి అదే దూరం ఊరికే పోండి. ఇప్పుడు గీత ఎన్నిసార్లు తిరిగిందో చూడండి. ఎనిమిదిన్నర, తొమ్మిది వస్తే బాగున్నట్లే, ఆ మాత్రం జారుడు ఉండాల్సిందే. ఏడు, ఏడున్నర వచ్చిందంటే పది చుట్లలో రెండున్నర, మూడు చుట్లు డీజిల్ కాల్చి ఉన్నచోటే తిరిగినట్ల. నేను మొదటిసారి చూసినప్పుడు ఏడున్నర వచ్చింది. గాలి 22 నుంచి 13కు తీసి చూస్తే ఎనిమిదిన్నర దాటింది. అదే బండి, అదే గుంటక, అదే చేను.

ఇంకొకటి, ఇది డీజిల్ కంటే పెద్దది. మనం పప్పుశనగ విత్తేది అక్టోబరు, నవంబరుల్లో, భూమిలో పదును చూసుకొని. ఆ పదునులో గట్టి టైరు పోయిందంటే పై మన్నును ఇటుక మాదిరి నొక్కేస్తాది. పైమన్ను మీద పడే నొక్కుడు దగ్గర దగ్గర టైరులో ఎన్ని పాయింట్ల గాలి ఉందో అంత. తరువాత ఒక్క వాన కూడా రాని చేన్లో, ఉన్న ఆ కొంచెం పదునుతోనే పంట రావాల. ఆ గాడిలో వేరు దిగలేక చెట్టు గిడసబారుతాది. చక్రం పోయిన సాళ్ళు చేను మధ్యలో ఎప్పుడైనా నిలబడి చూడండి, మీకే కనిపిస్తాయి. "విత్తనం బాగలేదు" అని అంగడాయప్ప మీదికి పోతాం మనం.

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలనిపిస్తాంది. ట్రాక్టర్లకు మొదట గాలి టైర్లు లేవు, ఇనుప చక్రాలు, వాటికి పండ్ల మాదిరి ఇనుప ముక్కలు. 1932లో అమెరికాలో అల్లిస్-చామర్స్ అనే కంపెనీ ఫైర్‌స్టోన్ వాళ్ళ విమానం టైర్లు తెచ్చి ట్రాక్టరుకు వేసి చూసింది. రైతులు నమ్మలేదు. గాలితో నిండిన రబ్బరు చేన్లో మడకను ఎట్ల లాగుతాదని నవ్వినారు. అప్పుడు కంపెనీవాళ్ళు ఊరూరా తిరునాళ్ళలో ట్రాక్టర్లకు పందేలు పెట్టినారు. బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ అని పేరుమోసిన కారు పందేల ఆయప్ప 1933లో ట్రాక్టరును గంటకు 64 మైళ్ళ మీద తోలి చూపించినాడు. మన లెక్కలో నూరు కిలోమీటర్ల పైన! (మా పిల్లోళ్ళకు ఈ మాట చెప్పవద్దండి.) అంత తిప్పలు పడి రైతును నమ్మించినది ఆ గాలినే. మనకు ఆ గాలి వచ్చి ఎన్నో ఏండ్లైంది. కట్టె బండికి ఇనుప పట్టా పోయి టైరుబండి వచ్చినప్పుడు ఎద్దుల మెడ ఎంత తేలిక పడిందో మా తాత చెప్పేవాడు. దాన్ని కొలిచి పెట్టుకొనేది మాత్రం మనం ఇంకా నేర్చుకోలేదు.

నేర్చుకోవాలంటే దూరం పోయే పని లేదు. మన జిల్లాలోనే అనంతపురం, గుత్తి దారిలో గార్లదిన్నె కాడ ట్రాక్టర్ నగర్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 1983లో పెట్టిన వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ. దక్షిణాది అంతటికీ అదే. వేరే రాష్ట్రాల రైతులు రైలెక్కి వచ్చి అక్కడ నేర్చుకొని పోతారు. మనం బస్సులో ఆ గేటు ముందర నుంచి నూరుసార్లు పోయింటాం, ఒక్కసారైనా దిగినామా? కనీసం మీ డ్రైవరు పిల్లోన్ని పంపండి.

గేజీ సంగతి. పంచరు షాపుల్లో ఉండే గేజీ లారీలకు పెట్టుకొన్నది. దాంట్లో గీతలు పది పది పాయింట్లకు ఉంటాయి, ముల్లు 150, 200 దాకా పోతాది. దాంతో 12కు, 18కి తేడా చూడమంటే ఎట్ల? బియ్యం మూటలు తూచే కాటా మీద బంగారం పెట్టినట్ల. ట్రాక్టరుకు 30 గానీ 60 గానీ దాకా ఉండే చిన్న గేజీ వేరే కొనుక్కోండి. ట్రాలీకి పెద్దది ఒకటి. రెండూ కలిపినా ఒక మందు డబ్బా ఖరీదు కాదు. పురుగు కనిపించినా కనిపించకపోయినా వారం వారం మిరపకు మందు కొడతాం, మూడు వందలు పెట్టి గేజీ కొనమంటే "ఆలోచిద్దాంలే" అంటాం. నేను కూడా అన్నా, అందుకే చెప్తాండా.

వెనక టైర్లలో నీళ్ళు నింపుకొన్నవాళ్ళు వాల్వు పైకి వచ్చేట్ల బండి నిలబెట్టి చూడండి, లేకుంటే గేజీలోకి నీళ్ళు పోయి పాడైపోతాది. ముక్కాలు భాగం నీళ్ళుంటే గాలికి చోటు తక్కువ, కొంచెం లీకైనా పాయింట్లు తొందరగా పడిపోతాయి. వీళ్ళు ఇంకా తరచుగా చూసుకోవాల. నైట్రోజన్ గాలి అని పట్నంలో అమ్ముతారు. మామూలు గాలిలో నూటికి 78 పాళ్ళు నైట్రోజనే. ట్రాలీకి దాని మీద డబ్బులు పెట్టే పని లేదు.

ఇప్పుడు నిలబడి ఉండే టైర్ల గురించి. అమెరికాలో ఉండే మా చిన్నాయన కొడుకు పోయిన సెలవుల్లో మోటారుహోమ్ అని ఒక బండి బాడుగకు తీసుకొన్నాడు. ఇల్లే చక్రాల మీద పోతాది. వంట, పడక, స్నానం అన్నీ అందులోనే. మనం ట్రాలీకి పైన పట్ట కట్టుకొని పెన్నహోబిలం, కసాపురం పోయి రెండు దినాలు అందులోనే పండుకొని వచ్చేవాళ్ళం గదా, దానికి ఏసీ పెట్టినట్ల. ఫోన్లో చూపిస్తా వాడు చెప్పినాడు: తాళాలతో పాటు ఒక కాగితం ఇచ్చినారంట, ముందు టైర్లకు ఇంత, వెనక టైర్లకు ఇంత అని. దినమూ పొద్దున కదలకముందు చూడమన్నారంట. "ఏంరా, కొత్త టైర్లే కదా" అంటే, "అన్నా, ఈ బండ్లు ఏడాదిలో ఎక్కువ కాలం నిలబడే ఉంటాయి, గుండీలు అరగకముందే టైరు ముసలిదైపోతాది, నిలబెట్టినప్పుడు ఎండ తగలకుండా టైర్లకు గుడ్డ కప్పుతారు" అన్నాడు.

అప్పుడు నాకు మా కల్లంలో ట్రాలీ గుర్తొచ్చింది. కోతలు అయిపోయినాక ఆరేడు నెలలు అది నిలబడే ఉంటాది. ఒక్కోసారి దిబ్బఎరువు సగం లోడుతోనే నిలబడి ఉంటాది. గాలి మెల్లగా పోతా ఉంటాది, టైరు ఒకే చోట నలిగి ఉంటాది, పడమటి ఎండ నేరుగా ఆ గోడ మీదే పడతాది. సన్నని చీలికలు వస్తాయి. అదే ట్రాలీని మిరప కాలం రాగానే కాలితో ఒక తన్ను తన్ని లోడుకు కడతాం. ఇప్పుడు నేను ఖాళీ చేసి, ఇరుసు కింద రాళ్ళు పెట్టి ఎత్తి, టైర్ల మీద పాత గోనెపట్టలు కప్పుతాండా. చూసినోళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

టైరు వయసు కూడా టైరు మీదే ఉంటాది, చాలామందికి తెలీదు. పక్కగోడ మీద గుడ్డు మాదిరి గీసిన గీతలో నాలుగు అంకెలు. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో చేసిందని. పాత టైరు కొనేటప్పుడు గుండీలు చూసి మురిసిపోవద్దండి, ఆ నాలుగు అంకెలు చూడండి. మా పేలిన టైరు నేను వాడిన టైరుగానే కొన్నది. ఆ అంకెలు అప్పుడు చూసింటే కొనేవాన్ని కాదు.

"ఇదంతా డ్రైవరు పని" అంటారా? నాకు నచ్చని మాట ఇదే. డ్రైవరు పిల్లోడు దినకూలికి వస్తాడు. "గాలి తక్కువుంది, గుంతకల్లులో పెట్టించుకొని వస్తా" అంటే "ముందు లోడు తీసుకురాపో" అనేది మనం. ట్రాలీ మనది, లోడు మనది, తొందర మనది. మా డ్రైవరు ఆ పొద్దు పొద్దున ఒక మాట అన్నాడు కూడా, "ఎడమది వంగినట్లుంది" అని. నేను విననట్లు లోపలికి పోయినా. పోలీసులు అడిగితే వాని పేరే చెప్పాల్సి వస్తాది. వాని లైసెన్సే పోతాది. ఇది న్యాయమా?

గాలికి డబ్బులని కూడా చెప్పవద్దండి. పెట్రోలు బంకుల్లో గాలి ఊరికే పెట్టాల, అది వాళ్ళకు నిబంధన. మిషను పని చేయలేదంటే బంకాయన్ను గట్టిగా అడగండి. డీజిల్ డబ్బాలు నింపుకొనేది మనమే గదా.

కూలోళ్ళను లోడు మీద ఎక్కించే సంగతి రాయకుంటే ఈ పోస్టు సగమే. అది చట్టానికి తప్పు, ఏదన్నా అయితే ట్రాలీలో ఎక్కినోళ్ళకు బీమా రాదని కంపెనీలు కోర్టుల్లో కొట్లాడతాయి. మనకు అందరికీ తెలుసు. అయినా ఎక్కిస్తాం, ఏంటికంటే చీకటి పడతాంది, ఆటో రాలేదు, ఊరు మూడు కిలోమీటర్లే గదా. నేను ఇప్పుడు ఏం చేస్తాండానంటే, కోతలప్పుడు రెండో ఆటో బాడుగ కూడా నేనే పెట్టుకుంటా. ఎకరాకు అయ్యే ఖర్చులో అదెంత? మిరప ధర పడిపోయినప్పుడు బాధే, నిజం. క్వింటాలుకు వేలు తేడా పడే మార్కెట్టులో ఆటో బాడుగ మిగిలించుకొని నేను బాగుపడేది లేదు. ఆ ఆటో టైర్లు కూడా చూస్తా. మొదట్లో ఆటో ఆయప్పకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆయనే "అన్నా, గేజీ తెచ్చినావా" అంటాడు. ఆటోకు గుండీలు 0.8 మిల్లీమీటర్ల కన్నా తక్కువ ఉండకూడదు, కారుకు, లారీకి 1.6 అని రూలు. ఆటో టైరు ఒకటి గుండు మాదిరి ఉంటే మార్పించుకొన్నాడు, నేను సగం డబ్బులిచ్చినా.

మా అక్క ఇప్పుడు మా కల్లంలో కాయలు ఏరే పనికి వస్తాది, ఎడమచేత్తో. మచ్చకాయ, తాలుకాయ వేరు చేస్తాది. ట్రాలీ బయలుదేరేటప్పుడు ఆమే పిలుస్తాది, "ఒరే, గాలి చూసినావా?" అని. ఆ మాట వినకుండా మా ట్రాలీ కదిలేది లేదు.

మా కాడ రెండు గేజీలు ఉన్నాయి, చిన్నది, పెద్దది. డోనేకల్లు, పాల్తూరు, హావళిగి, గడేకల్లు, ఏ ఊరోళ్ళైనా సరే, ఈ ఆదివారం మీ బండి, ట్రాలీ తీసుకొని మా కల్లం కాడికి రండి, చూసిపెడతా. గాలి పెట్టే చిన్న మిషను కూడా ఉంది. బండి బుక్కు దొరికితే అది కూడా తీసుకరండి, దాంట్లో ఉండే అంకె చూసి టైరు పైన రిమ్ముకు పెయింటుతో రాసుకుందాం, ఇంక ఎవరినీ అడిగే పని ఉండదు. దగ్గర ఊర్లోళ్ళు తెల్లారి ఏడు లోపల రండి. దూరం నుంచి వచ్చేవాళ్ళు ముందుదినం రాత్రే వచ్చి మా కల్లంలో బండి నిలబెట్టుకోండి, పండుకొనేదానికి చోటుంది. టైర్లు వేడి మీద ఉన్నప్పుడు వచ్చినోళ్ళను చల్లబడే దాకా కూర్చోమంటా, టీ మాత్రం ఇస్తా.